పాత మలక్‌పేటలో "రేసు గుర్రాల తబేలా" అనే ఇల్లు: ఆనవాళ్లు ఎలా పోల్చాలి?

మూసారంబాగ్_మనవడు

అందరికీ నమస్తే. పాత మలక్‌పేటలో మా పెద్దల నాటి ఇంటిని ఇంట్లో అందరూ "రేసు గుర్రాల తబేలా", అంటే గుర్రాల కొట్టం, అనే అంటారు. తాత అక్కడ సైసుగా (గుర్రాలు చూసే పనివాడిగా) చేరి జమేదారు (వాళ్లకు పెద్ద) అయ్యాడని మాట. ఇప్పుడు ఇల్లు బాగుచేయించాలి. గోడలు గీకేలోపు ఉన్నవన్నీ సరిగ్గా రాసి పెట్టుకోవాలనుకుంటున్నాం.

ఒకే వరసలో ఆరు గదులు, లోపలి కొలత 12 అడుగులకు 12 అడుగులు. గోడల్లో ఇనుప కడియాలున్నాయి. కింద రెండు మూడడుగుల ఎత్తు దాకా పూత పొడిపొడిగా రాలుతోంది. సిమెంటు వేయిస్తే ఏడాది తిరక్కుండానే పెచ్చులుగా ఊడింది. ట్రంకు పెట్టెలో లాడాలు నాలుగైదు, కాన్వాసు తోబ్రా (గుర్రం మూతికి కట్టే దాణా సంచి) ఒకటి, గుర్రం పగ్గం పట్టుకుని తాత నిలబడ్డ ఫొటో ఒకటి, ఉర్దూలో జీతం చిట్టీ ఒకటి. చిట్టీ మీద "తీర్, 1351 ఫ." అని చదివించుకున్నాం.

ఇది నిజంగా రేసు తబేలానేనా? ఎక్కడ మొదలుపెట్టాలి? చిన్నతాతకు తొంభై దగ్గరపడ్డాయి, మాట స్పష్టంగానే ఉంది. ఆయన్ను ఏమడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది?

పాతకాగితాలు

ముందు చిట్టీ తేల్చుకోండి, మిగతావన్నీ దాని మీద నిలబడతాయి.

"ఫ." అంటే ఫస్లీ, నిజాం సర్కారు లెక్కల సంవత్సరం. హైదరాబాద్ రాజ్యంలో ఇది అక్టోబరులో మొదలయ్యేది. నెలల వరస: ఆజుర్, దై, బహ్మన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, అర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. ఇంగ్లిషు సంవత్సరం రావాలంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. తీర్ ఎనిమిదో నెల కాబట్టి మీ చిట్టీ సుమారుగా 1942 మే నాటిది. మద్రాసు ఫస్లీ జూలైలో మొదలవుతుంది. ఆ లెక్కతో చూస్తే నెలలు తారుమారవుతాయి, జాగ్రత్త.

మీ ఇంటి మాటకు చిక్కు ఇక్కడే వస్తుంది. హైదరాబాద్‌లో రేసులు మొదట మౌలాలిలో జరిగేవి, 1868 ప్రాంతంలో. 1886లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన మహల్ మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా ఉంటుందని మలక్‌పేటకు మార్పించాడు. 1911లో ఆయన పోయాక రేసులు సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ వైపు వెళ్లిపోయాయి. హైదరాబాద్ రేస్ క్లబ్ ఏర్పడింది కూడా సికింద్రాబాద్‌లోనే, 1961లో. మళ్లీ మలక్‌పేటకు వచ్చింది 1968లో. అంటే మీ తాత జీతం తీసుకున్న 1942లో మలక్‌పేటలో రేసుల కాలం నడవడం లేదు. అంతమాత్రాన ఇంటి మాట అబద్ధమని కాదు. తబేలా ఏదో నవాబుదై ఉండొచ్చు, ఫౌజుదై ఉండొచ్చు, బగ్గీ గుర్రాలదై ఉండొచ్చు. లేదా తాత మలక్‌పేటలో ఉంటూ పరేడ్ గ్రౌండ్స్‌కు పనికి పోయి ఉండొచ్చు.

చిట్టీ నెత్తిన ఏముందో మళ్లీ చదివించండి. "అఫ్వాజ్-ఎ-బాఖాయిదా" అనో "నజ్మ్-ఎ-జమీయత్" అనో ఉంటే ఫౌజు. "సర్ఫ్-ఎ-ఖాస్" అంటే నిజాం సొంత ఖాతా. జీతం మొత్తం పక్కన హాలీ లేదా సిక్కా ఉస్మానియా (నిజాం రూపాయి) అని ఉందా, కల్దార్ (ఇంగ్లిషువాళ్ల రూపాయి) అని ఉందా అన్నది అంతకన్నా ముఖ్యం. 7 హాలీలకు 6 కల్దార్లు మారకం. కంటోన్మెంట్ వైపు కల్దార్ చెలామణి ఎక్కువ, దేవిడీల్లో (నవాబుల ఇళ్లల్లో), సర్కారు ఖాతాల్లో హాలీ. మొత్తం మామూలు ఉర్దూ అంకెల్లో కాకుండా కొక్కేలు కొక్కేలుగా ఉంటే అది సియాఖ్ రఖం, పాత లెక్కల రాత. ఉర్దూ వచ్చినవాళ్లందరికీ అది రాదు, పాత పట్వారీ లెక్కలు చదివిన మనిషి కావాలి.

ఇంటి స్థలం కోసం 1908 మూసీ వరద తర్వాత, 1910లలో లియోనార్డ్ మన్ చేసిన మునిసిపల్ సర్వే పటాలు చూడండి. మీ గల్లీ వాటిలో పడితే కట్టడం ఆకారం కూడా కనిపిస్తుంది. పాత ఫర్మానాలు, దఫ్తర్లు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటాయి. పత్రికలకు అఫ్జల్‌గంజ్‌లోని కేంద్ర గ్రంథాలయం.

లాడం

లాడాల్ని కడగకముందే, తుడవకముందే, రెండు వైపులా ఫొటో తీసి వంటింటి కాటా మీద తూచండి. బరువే సగం సంగతి చెప్తుంది.

చంద్రవంకలా చదునుగా, అర గిట్టకే సరిపోయే రేకు ఉంటే అది గుర్రానిది కాదు, ఎద్దుది. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది గనక గిట్టకు రెండు ముక్కలు కొడతారు. చాలా ఇళ్లలో "రేసు గుర్రం లాడం" అని గుమ్మానికి కొట్టుకున్నవి ఇవే! గుర్రం లాడం ఒకే ముక్క. ముందుకాలిది దాదాపు గుండ్రం, వెనకకాలిది కొంచెం కోలగా, ముందు మొన తేలి ఉంటుంది. మడమ దగ్గర కిందికి మడిచి బుడిపె చేసి, ముందు భాగం బాగా అరిగి ఉంటే రోడ్డు మీద బండి లాగిన గుర్రం, టాంగా గానీ బగ్గీ గానీ. రోజువారీ ట్రైనింగుకు ఇనుప లాడం వేస్తారు. పందెం ముందు దాన్ని తీసి పలచని ప్లేటు కొడతారు, పరుగయ్యాక మళ్లీ ఇనుము. అల్యూమినియం ప్లేటు చేతికి తేలిగ్గా, తుప్పు లేకుండా తెలిసిపోతుంది. అలాంటిది మీ పెట్టెలో ఉంటే ఒక్కదాన్ని చూసి మొత్తాన్నీ 1942కి అంటగట్టొద్దు. అది 1968 తర్వాత వచ్చి చేరిందై ఉండొచ్చు.

ఫొటోలో గుర్రం నోరు చూడండి. నోట్లో సాదా కడ్డీ, రెండు పక్కలా రింగులు, ఒకే జత పగ్గాలు ఉంటే రేసు ట్రైనింగుకు సరిపోతుంది. గదమ కింద గొలుసు, రెండు జతల పగ్గాలు ఉంటే ఫౌజు లేదా పోలో. మెడ మీద జూలు పూర్తిగా గొరిగి, తోక మడిచి కట్టి ఉంటే పోలో గుర్రమని దాదాపు ఖాయం. గిట్ట మీద అంకెలు కాల్చి ఉంటే ఫౌజు. ఫౌజు జీను పొడుగు పలకలతో వెన్నెముక మీద సందు వదిలి కూర్చుంటుంది, కింద మడత కంబళి ఉంటుంది. రేసు జీను అరచేతి మందాన కూడా ఉండదు, రికాబులు పైకి కట్టి ఉంటాయి. ముందుకాళ్ల వెనక నరం మీద వరసగా గీతలో చుక్కలో మచ్చలుగా కనిపిస్తే అవి వాతలు. పరుగులో నరం దెబ్బతిన్న గుర్రానికి అప్పట్లో కాల్చేవారు. ఆ వైద్యం ఇప్పుడు ఎవరూ మెచ్చరు గానీ, ఫొటోలో కనబడితే గట్టి ఆధారం. పోలో గుర్రాలకూ పెట్టేవారు కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకోవద్దు.

తుప్పుకు యాసిడ్, నిమ్మకాయ వద్దు. సుత్తి దెబ్బల గుర్తులు పోతాయి. కిరసనాయిల్లో రెండు రోజులు నానేసి, ఇత్తడి బ్రష్షుతో రుద్ది, ఆరాక పలచగా తేనెమైనం పట్టించండి.

డంగుసున్నం

నేను గోడ ఒక్కటే మాట్లాడతా. రాలేది మామూలు చెమ్మ కాదు, సూరేకారం. ఏళ్ల తరబడి గుర్రాల మూత్రం నేలలోకి, గోడ పాదంలోకి ఇంకి ఉప్పుగా మారింది. వానాకాలం చెమ్మ పీల్చుకుంటుంది, ఎండాకాలం పూత వెనక స్ఫటికాలుగా గడ్డకట్టి ఉబ్బుతుంది, పూతను తోసేస్తుంది. సున్నం పూత ఊపిరి తీస్తుంది గనక పైపైన రాలి ఊరుకుంటుంది. సిమెంటు దాన్ని మూసేస్తుంది. అప్పుడు తడి ఇంకా పైకెక్కి, సిమెంటు అంచు దాటాక బయటపడుతుంది. మరో మేస్త్రిని పిలిచి ఇంకా గట్టి సిమెంటు వేయిస్తే ఈసారి రాయి కూడా తింటుంది.

చేయాల్సింది ఇది. సిమెంటు మొత్తం, చెమ్మ గీత కన్నా ఒక అడుగు పై దాకా తీసేయండి. రాళ్ల సందుల్లో మెత్తబడ్డ సున్నం ముప్పాతిక అంగుళం లోతుకు గీకండి. నీళ్లు కొట్టి కడగొద్దు, ఉప్పు మళ్లీ లోపలికి పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, రాలిన పొడిని అప్పటికప్పుడే బస్తాలో ఎత్తి బయట పారేయాలి. గోడ మొదట్లో వదిలేస్తే మొదటి వానకు తిరిగి గోడలోకే పోతుంది. ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఒక ఎండాకాలం గోడ అలా తెరిచి ఉంచడం మంచిది.

తర్వాత బంకమన్ను, సన్న ఇసుక మంచినీళ్లతో కలిపి అర నుంచి ముప్పాతిక అంగుళం మందాన పట్టీలా మెత్తండి. పూర్తిగా ఎండి నెర్రెలు ఇచ్చాక ఊడదీసి పారేయండి. మళ్లీ కొత్త మట్టితో అదే పని, కనీసం మూడు మాట్లు. మట్టి మీద తెల్లగా పూసినట్టు వస్తే ఉప్పు లాగుతోందని అర్థం.

చివర పూత: రెండు మూడు వారాలైనా నానిన సున్నం ఒక పాలు, ఇసుక రెండున్నర పాళ్లు. సిమెంటు చిటికెడు కూడా వద్దు. "బలానికి కొంచెం" అని మేస్త్రి కలుపుతాడు, దగ్గరుండండి. ఒక్కో పొర అర అంగుళం మించకుండా రెండు పొరలు, వారం పైన తడి గోనెపట్టా నీడ. పైన సున్నపు వెల్ల మాత్రమే, ఎమల్షన్ వద్దు. ఇంకోటి: గది మొత్తం టైల్స్ వేస్తే నేల కింది తడికి గోడ తప్ప దారి ఉండదు. గోడ పొడవునా అర అడుగు పట్టీ మొరం లేదా కంకర వదలండి.

కడియాలు కోయకండి. పాతుకున్న మొన లోపల తుప్పుపట్టి ఉబ్బితే రాయి పగులుతుంది. అలాంటి చోట చుట్టూ గీకి, తుప్పు దులిపి, సున్నంతోనే మూయాలి.

గీకేముందు మాత్రం గోడల ఎత్తులు కొలిచి రాసుకోండి. తలుపు వెడల్పు ఎంత, కడియం నేల నుంచి ఎంత ఎత్తు, నేల ఎటు వాలుంది?

మూసారంబాగ్_మనవడు

కొలిచాం. కడియం 4 అడుగుల 10 అంగుళాలు, గదికి ఒకటే. తలుపు సరిగ్గా 4 అడుగులు, గడప రాళ్ల మూలలు గుండ్రంగా అరగదీసి ఉన్నాయి. నేల ముందువైపు వాలు. ఒక మూలన మేత తొట్టి తీసేసిన గుర్తు, దాని పక్క చెక్క మీద గాట్లు. పైన, కప్పు దగ్గర, రెండు గాలి కన్నాలు. ఒక గదిలో షాబాద్ బండ కింద ఇటుక నేల ఇంకోటి బయటపడింది.

ఫొటో భూతద్దంతో చూశాం: గదమ కింద గొలుసు ఉంది, పగ్గాలు రెండు జతలు, జూలు గొరిగి ఉంది. లాడాల్లో ఒకటి ఎద్దుది (గుమ్మం మీదిదే!), రెండు బరువైన ఇనుపవి, ఒకటి తేలికైన తెల్ల లోహం. చిట్టీలో సిక్కా ఉస్మానియా అనే ఉందట. నెత్తిన ఉన్న పేరు చిరిగిపోయింది.

లాడం

అయితే ఫొటో పోలో గుర్రానిది. మీ గదులు మాత్రం ఫౌజు వరస కాదు. ఫౌజులో గుర్రాలను పక్కపక్కన అగాడి, పిఛాడి (ముందు, వెనక) తాళ్లతో కట్టేవారు, నేలలో మేకులు, కడియాలు ఉండేవి. గోడలతో విడి గది, గుర్రం అటూ ఇటూ తిరిగేంత 12 అడుగుల చోటు, నడుము తగలకుండా గుండ్రం చేసిన గడప రాయి, ఇవన్నీ ఖరీదైన గుర్రానికి చేసే ఏర్పాట్లు. చెక్క మీద గాట్లు పళ్లవి. రోజంతా నిలబెట్టి ఉంచిన గుర్రం విసుగుకు చెక్క కొరుకుతుంది. పశువుల కొట్టమైతే తొట్టి అందరికీ ఒకటే పొడుగ్గా, కిందికి ఉంటుంది.

హాలీ జీతం, పోలో గుర్రం, విడి గదులు కలిపి చూస్తే 1942లో ఇది ఎవరో పెద్దవారి సొంత తబేలా అని నా లెక్క. అలాంటి చోట పోలో, స్వారీ, రేసు గుర్రాలు ఒకే చూరు కింద ఉండేవి.

ఆస్మాన్‌గఢ్_గుట్ట

నేను ఒప్పుకోను, సగమే ఒప్పుకుంటా. తెల్ల లోహం ప్లేటు, షాబాద్ బండ రెండూ పక్కకు పెట్టొద్దు. 1968లో రేసులు తిరిగొచ్చాక మలక్‌పేట, మూసారంబాగ్ చుట్టూ పాత కొట్టాలు అద్దెకు పోయి ఉండొచ్చు, ఇల్లు ఆ తరంలోనే "రేసు తబేలా" అయ్యుండొచ్చు. ఇటుక నేల ఒక కాలానిది, పైన బండ ఇంకో కాలానిది. పైగా షాబాద్ బండ తడిస్తే గుర్రం జారుతుంది. కాబట్టి బండ వేసింది గుర్రాలు పోయి మనుషులు చేరాక అయ్యే అవకాశమే ఎక్కువ. ఇటుక మీద జారకుండా కోసిన గాళ్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే బండ తీసిన చోట ఒక గజం అలాగే వదిలేయండి.

దాణా_సేరు

చిన్నతాతను "ఏ సంవత్సరం" అని అడక్కండి, ఎవరికీ గుర్తుండదు. పోలీస్ యాక్షన్‌కు ముందా వెనకా, జాగీర్లు పోయాకా, 1969 గొడవలప్పుడు గుర్రాలు ఇంకా ఉన్నాయా అని అడగండి. పని అడిగితే చేతులే చెప్తాయి: పొద్దున మొదటి పని ఏంటి, దాణా ఎవరు కలిపేవారు, ఏ కొలతతో?

రేసు తబేలాలో పనిచేసినవాడైతే చీకటితో కొద్దిగా దాణా, వెలుగు రాకముందే ట్రాకు, తిరిగొచ్చాక చెమట ఆరేదాకా చేత్తో నడిపించడం, ఖరారా (బ్రష్షుతో ఒళ్లు తోమడం), మాలీషు, కాళ్లకు మట్టి పట్టు, పట్టీలు, సాయంత్రం ట్రైనర్ వచ్చి ఒక్కో కాలు తడిమి వేడి చూడటం, ఈ వరసలో వస్తుంది. పందెం ముందు రాత్రి మూతికి జాలీ కట్టడం గురించి తనంతట తను చెప్తే ఇక అనుమానం అక్కర్లేదు. టాంగా వాడైతే గడ్డి మోపు ధర, అడ్డా, చక్రం అంటాడు. ఫౌజు వాడు బిగుల్, హాజరీ అంటాడు.

దాణా వివరం గుచ్చి అడగండి. ఉలవలు నానేసి ఉడికించిన గుగ్గిళ్లు, శనగలు, నలగ్గొట్టిన యవలు, గోధుమ పొట్టు, పచ్చగా లూసర్న్ గడ్డి. సేరు లెక్క చెప్తే పక్కా సేరా అని అడగండి, 80 తులాలు, సుమారు 933 గ్రాములు. గట్టి పనిలో ఉన్న 450 కిలోల గుర్రానికి గింజ దాణా రోజుకు ఐదారు కిలోలు, మూడు నాలుగు పూటలుగా. కడుపు చిన్నది, పైగా గుర్రం కక్కలేదు, ఒకేసారి పోస్తే శూల వస్తుంది. అవిసెలు ఉడికించకుండా పెట్టేవారు కాదు, పచ్చివాటిలో విషం తయారవుతుంది. సెలవు ముందు రాత్రి గింజ తగ్గించి పొట్టు జావ ఎందుకు పెట్టేవారో ఆయనకు తెలిసి ఉంటే మంచి గుర్తు. పనిలేని రోజు నిండా మేపితే మర్నాడు ట్రాకు మీద నడుము, తొడలు బిగుసుకుపోతాయి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. పొట్టు ఒక్కటే ఎక్కువ రోజులు పెడితే ఒంట్లో భాస్వరం పెరిగి సున్నం (కాల్షియం) తగ్గి మొహం ఎముక ఉబ్బుతుంది, లూసర్న్ గడ్డి దానికి విరుగుడు.

గుర్రాల పేర్లు, రంగులు ఆయన మాటల్లోనే రికార్డు చేయండి. కుమ్మైత్, సురంగ్, ముష్కీ, సబ్జా అంటే రేసు పుస్తకంలో బే, చెస్ట్‌నట్, బ్లాక్, గ్రే దగ్గర వెతకాలి. పేరు ఒక్కటే చాలదు, ఒకే పేరు మళ్లీ మళ్లీ పెట్టేవారు. తండ్రి గుర్రం పేరు, పుట్టిన ఏడు కలిస్తేనే అదే గుర్రం. మన దగ్గర వయసు జనవరి 1 నుంచి లెక్క. రేసు గుర్రాల వంశాలు రాసే పుణెలోని స్టడ్ బుక్ అథారిటీ పుస్తకాల్లో దొరకలేదంటే లేదనుకోవద్దు. ఆ కాలపు రేసుల్లో అరబ్బీ గుర్రాలు చాలా పరిగెత్తాయి, బొంబాయి రేవు నుంచి వచ్చినవి, అవి థరోబ్రెడ్ (ఇంగ్లిషు రేసు జాతి) పుస్తకంలో ఉండవు.

మూసారంబాగ్_మనవడు

ఇటుక మీద గాళ్లు ఉన్నాయి, వజ్రం గడుల్లా కోసి ఉన్నాయి. చిన్నతాతను అడిగాం. మూతి జాలీ మాట రాలేదు. తోక మడిచి కట్టడం, కాళ్లకు పట్టీలు, బంతి ఆట చెప్పాడు. "రేసోళ్లు తర్వాత వచ్చిన్రు, కిరాయికి" అన్నాడు.

పాతకాగితాలు

అయితే రెండు పొరలుగా రాసుకోండి. ఒక్కో వాక్యం పక్కన అది ఎవరు చెప్పింది, ఏ కాగితం చెప్పింది, ఏ గోడ చెప్పింది అని గుర్తు పెట్టండి. "రేసోళ్లు" ఏ నెలల్లో వచ్చేవారు, ఎన్ని గుర్రాలు, గదికి కిరాయి ఎంత, రసీదు ఇచ్చేవారా? ఇవి ఈ వారంలోనే అడగండి. రసీదు ఒక్కటి దొరికినా పేరుతో సహా అప్పటి రేసు పుస్తకాల్లో వెతకొచ్చు. చిరిగిన చిట్టీకి సెల్లోటేపు అంటించకండి, జిగురు కాగితాన్ని పసుపు చేసి సిరా లాగేస్తుంది. పలచని బటర్ పేపర్ మధ్య పెట్టి ఉంచండి.

డంగుసున్నం

గాళ్ల ఇటుకలున్న గదిలో మట్టి పట్టీ పని చివర పెట్టుకోండి. తడి మట్టి గాళ్లలో దిగితే గీకి తీయడం కష్టం. ముందు గోనెపట్టా పరిచి, దాని మీద ప్లాస్టిక్ వేసి అంచులు ఇసుకతో నొక్కండి. ప్లాస్టిక్ ఒక్కటే వేసి రోజుల తరబడి వదలొద్దు, కింద చెమ్మ ఊరి ఇటుక పైపొర లేస్తుంది. సాయంత్రం పని ఆపగానే తీసేయాలి.